కుర్చీ మాది కాదు

మా చర్చిలో జబ్బు నయమైనవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఆదివారం ప్రసంగం అయ్యాక, కానుకల సంచి తిప్పక ముందు, పాస్టరు గారు "దేవుని మేలు చెప్పదలచినవారు ముందుకు రండి" అంటారు. కామెర్లు తగ్గినవాళ్ళు, ఆపరేషన్ తప్పించుకున్నవాళ్ళు, కాన్పు గండం గడిచినవాళ్ళు మైకు దగ్గరికి నడిచి వెళ్తారు. నడిచి వెళ్తారు అన్న మాట గమనించండి. నన్ను కూడా చెప్పమని కబురు పెడుతూనే ఉన్నారు. నా దగ్గరున్నది వాళ్ళకి పనికిరాదు, వాళ్ళకి పనికొచ్చేది నా దగ్గర లేదు. అందుకని ఇలా రాసుకుంటున్నాను. ఆసుపత్రి నుంచి సగం మనిషిగా ఇంటికొచ్చి, పైన తిరిగే ఫ్యాను చూస్తూ పడుకున్నవాళ్ళెవరైనా చదివితే మంచిదే. నయమైనవాళ్ళు చదవకపోయినా నాకేం కష్టం లేదు.

నా పేరు కరుణ. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. రిటైరయ్యే ముందు మల్కాజ్‌గిరిలో చిన్న ఇల్లు కట్టుకుని, అందులో సంవత్సరం కూడా ఉండకుండానే పోయారు. అమ్మ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. అన్నయ్యది సాఫ్ట్‌వేర్, వదినతో కొండాపూర్ వైపు ఉంటాడు. నాకు పెళ్ళి కాలేదు, దానికీ ఈ సంగతికీ సంబంధం లేదు. ఊరంతా సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అని అమీర్‌పేట వైపు పరిగెత్తిన రోజుల్లో, లెక్కలు రాని నాలాంటి ఇంగ్లీషు మీడియం వాళ్ళం మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరాం. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు చెవిలో పెట్టుకుని విని టైపు చెయ్యడం ఆ పని. మాట ఆపడానికి, వెనక్కి తిప్పడానికి కాలి కింద ఒక పెడల్ ఉంటుంది, కుట్టుమిషన్‌కి ఉన్నట్టు. సికింద్రాబాద్‌లో ఎస్.డి. రోడ్డు మీద మా ఆఫీసు. పరాయి దేశపు రోగాలన్నీ నాకు స్పెల్లింగులతో సహా వచ్చు. మన దాకా రాదులే అనుకునేదాన్ని.

నా జబ్బు చెప్పుతో మొదలైంది. ఆగస్టులో ఒక సాయంత్రం ఆఫీసు మెట్లు దిగి బస్టాపులో నిలబడితే, పక్కనున్న ఆవిడ నా కాళ్ళ వైపు చూసి, "ఒక కాలికి చెప్పు లేదేందమ్మా?" అంది. నిజమే, ఎడమ కాలికి లేదు. మెట్ల మీద ఎక్కడో ఊడిపోయింది. తడి రోడ్డు మీద వట్టి కాలితో అంత దూరం నడిచొచ్చినా నాకు తెలియలేదు. ముందు నవ్వొచ్చింది. వెతుక్కుందామని వెనక్కి తిరిగేసరికి మోకాళ్ళు మడతపడ్డాయి. ఆవిడే నన్ను పట్టుకుని ఆటో ఎక్కించింది, నా పేరైనా అడగలేదు. ఆ వారం తిరక్కుండానే నడుము కింద నాది అనేది ఏమీ లేకుండా పోయింది.

ఆసుపత్రి గురించి ఎక్కువ చెప్పను. అక్కడ జబ్బు కన్నా ఎదురుచూపు పెద్దది. స్కానింగ్ గది బయట వరండాలో నన్ను స్ట్రెచర్ మీద పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకసారి ఎవరో రోగి తాలూకు మనిషి బల్ల అనుకున్నాడో ఏమో, తన టిఫిన్ క్యారియరు తెచ్చి స్ట్రెచర్ చివర పెట్టాడు. దుప్పటి కింద అక్కడ నా పాదాలున్నాయి. క్యారియరు నా పాదాల మీద ఉండటం కంటికి కనబడుతోంది, కాలికి తెలియడం లేదు. ఆ రోజు నాకు మొదటిసారి భయమేసింది, అంతవరకూ వేసినదంతా కంగారు మాత్రమే. అదే వరండాలో భర్త కోసం కూర్చున్న ఒక ముసలి ముస్లిం ఆవిడ, అట్టలు కట్టిన నా జుట్టు చూడలేక తన సంచిలోంచి దువ్వెన తీసి చిక్కు తీసి జడ వేసింది. "పరేషాన్ కాకు బిడ్డా" అంది. ఆ జడ విప్పనివ్వకుండా చాలా రోజులు ఉంచుకున్నాను.

వెన్నుపాములో వాపు వచ్చిందనీ, ఈ జబ్బులో కొందరు లేస్తారు, కొందరు లేవరు, చూద్దామనీ డాక్టరు చెప్పాడు. అమ్మకి మొదటి సగమే వినబడింది. అన్నయ్యకి రెండో సగమే వినబడింది. అమ్మ నూనె సీసా తీసి నా పాదాలకి రాసి ప్రార్థన మొదలుపెడితే, అన్నయ్య ఫోను పట్టుకుని ఇంకో పెద్ద ఆసుపత్రి కోసం వరండాలో తిరిగేవాడు. ఇద్దరూ నా మంచానికి చెరో వైపు నిలబడి ఒకరితో ఒకరు మాట్లాడకుండా నాతో మాట్లాడేవాళ్ళు.

అక్టోబరులో ఇంటికి పంపేశారు. నేను టైపు చేసిన అమెరికా డిశ్చార్జి కాగితాల్లో చివర ఎప్పుడూ ఒక పేరా ఉండేది. రోగికి చక్రాల కుర్చీ ఇచ్చాం, స్నానానికి కుర్చీ ఇచ్చాం, మంచం మీంచి కుర్చీలోకి జరగడానికి చెక్క ఇచ్చాం, కింద పడ్డవి అందుకోవడానికి పొడుగు పటకారు ఇచ్చాం అని. వందలసార్లు ఆ పేరా కొట్టి ఉంటాను. నా కాగితంలో ఆ చోట ఫిజియోథెరపీ చేయించుకోమని ఒక్క ముక్క ఉంది. డాక్టరు నోటిమాటగా, "దేవుణ్ణి నమ్ముకోండి" అని కూడా అన్నాడు. దానికి అమ్మ ఆయన్ని మెచ్చుకుంది.

ఇంట్లో నా బతుకు మంచం, మంచం కింద బేసిన్. అమ్మకి అరవై దాటాయి, నడుం నొప్పి. నన్ను తిప్పాలంటే తను మూలగాలి. బాత్రూములో అన్నయ్య కొత్త కమోడ్ పెట్టించాడు, అది అతను చేసిన మంచిపని. అయితే అక్కడిదాకా నన్ను మోసుకెళ్ళడానికి అతను ఆదివారాలే వచ్చేవాడు. మిగతా రోజులు అమ్మ బజారుకో చర్చికో వెళ్తే, తిరిగొచ్చేదాకా బిగబట్టుకుని ఉండాలి. అందుకని నీళ్ళు తాగడం మానేశాను. పెదాలు పగిలి, ఒంటికి జ్వరం తగిలితే అమ్మ దాన్ని కూడా ప్రార్థనలో చేర్చింది. మంచినీళ్ళు తాగితే పోయే జ్వరమని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ముప్పై నాలుగేళ్ళ ఆడదానికి నీళ్ళు తాగడానికి ధైర్యం కావలసి వచ్చింది. ఈ మాట ఏ సాక్ష్యంలోనూ వినలేదు నేను.

ఫిజియోథెరపీ అతను వచ్చి చేతుల బలంతో మంచం అంచుకి జరగడం, కూర్చోవడం నేర్పాడు. చేతులు బాగున్నాయి కదా, చక్రాల కుర్చీ ఒకటి ఉంటే బాత్రూముకి మీరే వెళ్ళొచ్చు, బల్ల దగ్గర కూర్చుని పని కూడా చేసుకోవచ్చు అన్నాడు. మా మేనేజరు కూడా ఇంటి నుంచి పని ఇస్తానన్నాడు, కూర్చోగలిగితే చాలన్నాడు. ఒక కుర్చీ వస్తే నేను మళ్ళీ మనిషినవుతాను. అంత తేలిక సంగతి.

అంత తేలికైతే రాసుకోవడం ఎందుకు. మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. సువార్తమ్మ గారని, జరగబోయేది ముందే చూసి ప్రవచనాలు చెబుతారని పేరున్న పెద్దావిడ వచ్చారు. నా మోకాళ్ళ మీద చేతులు పెట్టి కళ్ళు మూసుకుని, క్రిస్మస్ ఆరాధనకి ఈ బిడ్డ నడిచి గుళ్ళోకి వస్తుందని ప్రభువు చూపించాడన్నారు. గదిలో ఉన్నవాళ్ళందరూ ఏడ్చారు. అమ్మ మర్నాడే జనరల్ బజారుకి వెళ్ళి నాకు కొత్త చెప్పులు కొనుక్కొచ్చింది. క్రిస్మస్‌కి నడిచి వెళ్ళడానికి. మడమ దగ్గర పట్టీ, పైన బంగారు రంగు పువ్వు. అట్టపెట్టె తీసేసి వాటిని నా మంచం పక్కన, కాళ్ళు దించితే తొడుక్కునేలా పెట్టింది. రోజూ ఊడ్చేటప్పుడు తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేది.

అప్పుడు అడిగాను కుర్చీ సంగతి. అమ్మ నా మొహం చూడలేదు. కుర్చీ ఇంట్లోకొస్తే నువ్వు దాంట్లోనే ఉండిపోతావు, దేవుడు ఇస్తానన్నాక మనం వేరే ఏర్పాటు చేసుకోవడం ఆయన్ని నమ్మనట్టు అంది. అన్నయ్యతో చెబితే, "అమ్మ మనసు కష్టపెట్టకే, క్రిస్మస్ దాకా ఆగు, కోఠీ షాపుల్లో నేనే చూస్తాను" అన్నాడు. చూడలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, మా ఇంట్లో దేవుడూ ఇవ్వలేదు, ఇవ్వగలిగినవాళ్ళూ ఇవ్వలేదు.

అన్నయ్యకి మనసులో కొంచెం గుచ్చుకున్నట్టుంది. తన పాత కంప్యూటరు తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టి, బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాడు. కాలక్షేపానికి అన్నాడు. పాపం, దానివల్ల ఏమవుతుందో అతనికి తెలియదు.

ఇంటర్నెట్‌లో కొనడం అప్పుడప్పుడే మన దగ్గర మొదలైంది. ఆఫీసులో ఉన్నప్పుడు బ్యాంకువాళ్ళు అంటగట్టిన క్రెడిట్ కార్డు నా దగ్గరుంది. మొదట తెప్పించుకున్నవి నెలనెలా కావలసిన ప్యాడ్లు. నవ్వకండి. అంతకుముందు వాటికోసం అమ్మకి చెప్పాలి, అమ్మ ఎదురింటి కిరాణా షాపులో బాలమణికి చెప్పాలి, ఆవిడ కాగితంలో చుట్టి ఇవ్వాలి. అమ్మ తెచ్చేవి నాకు పడవు, చెబితే మంచానపడ్డదానికి ఎంపికలు కూడానా అన్నట్టు చూసేది. తర్వాత ఒక సబ్బు, నీలం రంగు జాకెట్టు పీసు, ఆ పొడుగు పటకారు. జబ్బు పడ్డాక నా ఒంటి మీద పడిన ప్రతి బట్టా అమ్మ ఎంచినదే, అన్నీ మురికి కనబడని రంగులు. నీలం రంగు నేను ఎంచుకున్నాను. పటకారుతో కింద పడ్డ దువ్వెన నా అంతట నేను అందుకున్న రోజు, దాన్ని మళ్ళీ మళ్ళీ కింద పడేసి అందుకున్నాను.

అయితే పార్సిలు గేటు దగ్గరికి వస్తుంది, నేను మంచం మీద ఉంటాను. సంతకం అమ్మ పెడుతుంది. పెట్టి, విప్పి, చూసి, ఆ తర్వాత నా దగ్గరికి తెస్తుంది. ప్యాడ్లు కూడా విప్పి తెచ్చింది. నా పేరు మీద వచ్చింది నన్ను విప్పనివ్వమంటే, "మన ఇంట్లో దాపరికాలేంటే?" అంది. నిజంగానే అర్థం కాలేదు ఆవిడకి. జబ్బు పడ్డ మనిషికి ఒళ్ళే సొంతం కాదు, పార్సిలు సొంతమెలా అవుతుంది.

డిసెంబరు మొదట్లో ధైర్యం చేసి కుర్చీకి ఆర్డరు పెట్టేశాను. చెన్నైలో వికలాంగుల సామాను అమ్మేవాళ్ళ వెబ్‌సైటు. నేను టైపు చేసిన ఆ పేరాలోని వస్తువులన్నీ అక్కడ బొమ్మలతో వరసగా ఉన్నాయి. వాటి పేర్లు తప్పుల్లేకుండా రాయడం వచ్చిన నాకు, వాటిలో చాలావాటిని చూడటం అదే మొదటిసారి. మడిచే కుర్చీ, పక్కల చేతులు ఊడదీయడానికి వీలుండేది ఎంచుకున్నాను. అడ్రసులో ఎప్పటిలాగే బాలమణి కిరాణా షాపుకి ఎదురిల్లు అని రాశాను. మా వీధిలో కొరియరువాళ్ళకి ఇంటి నంబరుతో పనిలేదు, అందరూ బాలమణినే అడుగుతారు.

క్రిస్మస్‌కి వారం ముందు వచ్చింది. పొద్దున పూట. నా మంచం వీధి వైపు కిటికీ పక్కనే. ఆటో ట్రాలీ ఆగిన చప్పుడు, గేటు గొళ్ళెం చప్పుడు. కొరియరు అతను పెట్టె పెద్దది, ఎక్కడ దించమంటారు అని అడిగాడు. అందులో ఏముందని అమ్మ అడిగింది. వీల్ చెయిర్ అన్నాడు. నేను మోచేతుల మీద లేవబోతున్నాను.

"మాది కాదు" అంది అమ్మ.

"పేరు గిదే ఉందమ్మా. కరుణ అని. గా దుకాణామె సుత గీ ఇల్లే చూపెట్టింది."

"పేరు మా అమ్మాయిదే. కుర్చీ మాది కాదు. మా అమ్మాయి నడుస్తుంది. తీసుకెళ్ళిపో బాబూ."

నేను కేకలు వేశాను. నాదే, దించండి అని అరిచాను. జబ్బుకి గొంతు కూడా సన్నబడింది. ట్రాలీ ఇంజను వేసేశారు. అమ్మ లోపలికి వచ్చి, ఏమీ జరగనట్టు వంటింట్లోకి పోబోయింది. జీవితంలో మొదటిసారి అమ్మని నానా మాటలూ అన్నాను, ఇక్కడ రాయను. చివరికి, నా సంపాదన, నా పేరు, నా కాళ్ళు, నీకేం అధికారం అన్నాను.

"కాళ్ళు దేవుడివి" అంది అమ్మ.

మంచం పక్కన చెప్పులు తిన్నగా లేవని వంగి సర్దింది. సాయంత్రం కంప్యూటరులో ఈమెయిలు వచ్చింది, కస్టమరు తీసుకోవడానికి నిరాకరించారు కనుక సరుకు తిరిగి వస్తోందని. ఆ కస్టమరు నేనే.

క్రిస్మస్ నాడు ఏమైందో చెప్పాలి. పొద్దున్నే నాకు తెల్లచీర కట్టారు, కొత్త చెప్పులు తొడిగి పట్టీ బిగించారు. నిలబెట్టారు. ఒక పక్క అన్నయ్య, ఒక పక్క వదిన. వాళ్ళు వదిలితే నేను లేను. అమ్మ ఎదురుగా నిలబడి చేతులు చాచి, చిన్నప్పుడు పిలిచినట్టే రా, రా అంది. ఆ చేతుల వైపు చూసి నాక్కూడా ఒక్క క్షణం ఆశ పుట్టింది. అందుకు అమ్మని ఇప్పటికీ క్షమించలేదు. తర్వాత అన్నయ్య నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని చర్చి మెట్లెక్కాడు. నడిచి వస్తుందన్న బిడ్డ పసిపిల్లలా చేతుల మీద వచ్చింది. కాళ్ళు వేలాడుతుంటే ఒక చెప్పు జారి పడింది, నాకు మామూలే కనుక తెలియలేదు. వెనక వచ్చే ఎవరో పెద్దమనిషి దాన్ని తీసుకొచ్చి అందరి ఎదుటా నా కాలికి తొడిగాడు. ఆరాధన అయ్యాక సువార్తమ్మ గారు వచ్చి, ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉందమ్మా, అదే అడ్డుపడింది అని నా తల నిమిరారు. కుర్చీ సంగతి అమ్మే చెప్పి ఉంటుంది. అందరి ముందూ నేరం నాదైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

జనవరిలో మళ్ళీ శుక్రవారాలు మొదలయ్యాయి, ఈసారి చర్చిలోనే. అమ్మ పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాటాక వచ్చేది. అలాంటి ఒక శుక్రవారం నేను బేసిన్ కోసం వంగి మంచం మీంచి కింద పడ్డాను. దెబ్బ పెద్దగా తగల్లేదు, తగిలినా నాకు తెలియదు. తడిసిన బట్టల్లో గచ్చు మీద పడుకుని, పటకారుతో కిటికీ ఊచల మీద కొట్టడం మొదలుపెట్టాను. బాలమణి షాపు వదిలి పరిగెత్తుకొచ్చింది. వెనక తలుపు గడియ ఎలా తీయాలో ఆ వీధిలో అందరికీ తెలుసు. నన్ను ఎత్తి, కడిగి, బట్టలు మార్చి, ఒక చెంబెడు నీళ్ళు నోటికి పెట్టింది. అన్నీ అయ్యాక నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఆనాడు గా కుర్చీ మీ అమ్మ ఎందుకు వాపస్ పంపింది? నేనే చూపెట్టిన ఇల్లు. తప్పు నాది అయినట్టుంది నాకు."

చెప్పాను. ప్రవచనం, చెప్పులు, అన్నీ. బాలమణికి నా మీద ఒక పాత కోపం ఉంది. సబ్బులు సుత కంప్యూటర్లకెళ్ళి తెప్పిస్తున్నవంట, నా దుకాణంల సబ్బులు లేవా అని వెనకోసారి కిటికీలోంచి దెప్పింది. ఇప్పుడు కూడా వదల్లేదు.

"నా దుకాణం పేరు మీద తెప్పించుకో. సంతకం నేను పెడత. గాని సబ్బు, ఉప్పు, పప్పు నా తానే కొనాలె. నేను అమ్మనివి గవే కంప్యూటర్ల తెప్పించుకో."

ఒప్పుకున్నాను. నా జబ్బులో ఎవరితోనైనా సమానంగా కూర్చుని మాట్లాడుకున్న బేరం అదొక్కటే. మిగతావాళ్ళందరూ నా మీద జాలిపడ్డారు, బాలమణి నాతో వ్యాపారం చేసింది.

చెన్నైవాళ్ళకి ఫోను చేశాను. ఇంతకుముందు మీరే వద్దన్నారు కదా అని అటువైపు అమ్మాయి మర్యాదగానే అడిగింది. ఇంట్లో పొరపాటు జరిగిందన్నాను. ఫిబ్రవరిలో కుర్చీ వచ్చి కిరాణా షాపులో బియ్యం బస్తాల వెనక దాక్కుంది. శుక్రవారం అమ్మ బయల్దేరి, వీధి మలుపు తిరిగాక, బాలమణీ ఆవిడ భర్త సత్తయ్యా కలిసి పెట్టె మోసుకొచ్చారు. చేతుల మీద జరిగి కూర్చున్నాను. గది దాటాను. వంటిల్లు చూశాను, ఆగస్టు తర్వాత మొదటిసారి. పోపుడబ్బా చోటు మార్చేసింది అమ్మ. ఇంకొంచెం ముందుకెళ్ళి బాత్రూము దగ్గర ఆగిపోయాను. కుర్చీ గుమ్మంలో పట్టలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. ఇన్ని నెలలు కుర్చీ కోసం పోరాడినదాన్ని, గుమ్మం కొలవడం ఎవరూ చెప్పలేదు. వెబ్‌సైటులో రాసి ఉంది, కొలుచుకోమని. మంచం మీంచి ఎలా కొలుస్తాను, అమ్మని కొలవమననా. అక్కడే కూర్చుని ఏడ్చాను. సత్తయ్య గుమ్మాన్నీ కుర్చీనీ మార్చి మార్చి చూసి, తలుపు రెక్క తీసేస్తే దాని మందం కలిసొస్తుంది, పీకెయ్యాలా అన్నాడు. ఇల్లు ఎవరిదని అడిగాడు. మా నాన్నది అన్నాను. పీకెయ్యమన్నాను.

రెక్క తీసేశాక చక్రాలు గోడకి రాసుకుంటూ పట్టాయి. బాలమణి తన పాత చీర ఒకటి పరదాగా కట్టింది. ఆ రోజు మధ్యాహ్నం నేను నా అంతట బాత్రూముకి వెళ్ళి, నా అంతట బయటికి వచ్చి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాను. ఆ నీళ్ళ రుచి గురించి మైకులో చెప్పమంటే చెబుతాను.

అమ్మ వచ్చేసరికి బాత్రూము తలుపు హాల్లో గోడకి ఆనించి ఉంది, నేను దాని పక్కన కుర్చీలో ఉన్నాను. అమ్మ తలుపు వైపే చూసింది. చాలాసేపు చూసి, ఇది మీ నాన్న దగ్గరుండి చేయించిన టేకు తలుపు అంది. అంతే. కుర్చీ గురించి ఒక్క ముక్క అనలేదు. దాన్ని చూడకుండా తిరగడం నేర్చుకుంది. ఎవరైనా వస్తే నన్ను మంచం మీదికి జరగమని, కుర్చీ మడిచి దుప్పటి కప్పేది. ఒకసారి వచ్చినవాళ్ళు దాని మీద బ్యాగులు పెట్టారు. చెప్పులు మాత్రం మంచం పక్కన అలాగే ఉన్నాయి.

మార్చి నుంచి మళ్ళీ ఉద్యోగం. పెడల్ బల్ల మీద పెట్టుకుని మోచేత్తో నొక్కుతున్నాను, మొదట్లో నల్లబడింది, ఇప్పుడు కాయ కాసింది. డిశ్చార్జి కాగితాల్లో ఆ చివరి పేరా వచ్చినప్పుడు నాకు కడుపు మండుతుంది. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఒక ముసలాయనకి ఎవరూ ప్రవచనం చెప్పలేదు, కుర్చీ ఇచ్చి ఇంటికి పంపారు.

చర్చికి వెళ్ళానా అంటే, వెళ్ళాను. ఈస్టరుకి ఆటోలో కుర్చీ మడిచి పెట్టుకుని మెట్ల దాకా వెళ్ళాను. మోసుకెళ్తామని మగవాళ్ళు నలుగురు ముందుకొచ్చారు. వద్దన్నాను. మెట్ల పక్కన కుర్చీ ఎక్కడానికి చెక్కతో వాలు ఒకటి కట్టించమని పాస్టరు గారిని అడిగాను. తప్పకుండా, దాని గురించి ప్రార్థన చేద్దాం అన్నారు. ఆరాధన అంతా బయట వరండా కింద, లౌడ్‌స్పీకరు దగ్గర విన్నాను. సాక్ష్యాలు కూడా విన్నాను. వాలు ఇంకా రాలేదు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. నా కాళ్ళు అలాగే ఉన్నాయి, అలాగే ఉంటాయని డాక్టరు ఈసారి సగాలు లేకుండా చెప్పాడు. గేటు దాకా సత్తయ్య సిమెంటుతో చిన్న వాలు పోశాడు, నేను బయటికి వస్తాను, పోతాను. ఇప్పుడు పార్సిళ్ళు మా ఇంటికే తెప్పిస్తున్నాను, సబ్బులు బాలమణి దగ్గరే కొంటున్నాను.

మొన్న ఒక పొద్దున కొరియరు వచ్చాడు. నేను లోపల బల్ల దగ్గర పనిలో ఉన్నాను. అమ్మ గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తోంది. అతను సంతకం పెట్టమని కాగితం చాపినట్టున్నాడు. కిటికీలోంచి అమ్మ గొంతు వినబడింది.

"ఉండు బాబూ, అమ్మాయే వచ్చి పెడుతుంది. కొంచెం ఆలస్యమవుతుంది. కుర్చీలో రావాలి." కాస్త ఆగి, "ప్రస్తుతానికి" అంది.

ఆ ఒక్క మాట అమ్మ వదలదు. వదలమని నేనూ ఇక అడగను, ఆవిడకి మిగిలింది అదే. కానీ దానికి ముందు అన్న మాట కిందటి డిసెంబరులో అని ఉంటే, నేను గచ్చు మీద పడి ఉండేదాన్ని కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోం.

చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళి సంతకం పెట్టాను. అతను పార్సిలు నా ఒళ్ళో పెట్టాడు. అమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడి, ఏం తెప్పించావని అడిగింది.

"నాకు కావలసింది" అన్నాను.

విప్పుతానేమోనని చూస్తోంది. నేను కుర్చీ తిప్పుకుని నా గదిలోకి వచ్చి, తలుపు నేనే వేసుకున్నాను.